ఆ గది నచ్చలేదు, సరే. ఇంకో గది చూద్దాం

ప్రశ్న:

అక్కా, నా వయసు 38. ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలు. ఐదారేళ్లుగా రాత్రి పిల్లలు పడుకున్నాక తాగుతున్నాను. మొదట్లో వారానికి ఒకసారి, తర్వాత తర్వాత దాదాపు రోజూ. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్తే నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర రాసి, ఏదైనా సపోర్ట్ గ్రూప్‌కు కూడా వెళ్లమన్నారు. మూడు వారాలు మానేశాను. ధైర్యం చేసి ఒక ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే సంస్థ) మీటింగ్‌కు వెళ్లాను. గదిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందరూ నాకంటే చాలా పెద్దవాళ్లు. ఉద్యోగాలు పోయినవి, జైలుకు వెళ్లినవి, రోడ్డు మీద పడిపోయినవి చెప్పుకున్నారు. నాకు అలాంటివేవీ జరగలేదు, వీళ్లలో నేనేంటి అనిపించింది. పైగా మాటకు ముందు దేవుడు, మాట తర్వాత దేవుడు. నాకా నమ్మకం లేదు. చివర్లో ఒకాయన "మాత్ర వేసుకుని మానితే అది మానడం కాదమ్మా" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. మొన్న శనివారం మళ్లీ తాగాను. నాకు సరిపోయే మీటింగ్ అంటూ ఒకటి ఉంటుందా? ఉంటే ఎలా వెతుక్కోవాలి? ఇంట్లోనే ఆన్‌లైన్‌లో కూర్చుంటే సరిపోదా?

జవాబు:

ఉంటుంది. కాస్త తిరగాలి, అంతే. మీరు వెళ్లింది ఒక్క రోజు, ఒక్క గదికి. దాన్నిబట్టి ఈ దారే మీది కాదని తేల్చేసుకోకండి. ఒక మాస్టారు చెప్పింది తలకెక్కకపోతే మాస్టారిని మారుస్తాం గానీ చదువు మానెయ్యం కదా.

అసలు సంగతికి వచ్చేముందు ఒక మాట, ఇది ప్రాణానికి సంబంధించింది కాబట్టి ముందే చెప్తున్నాను. శనివారం తాగింది ఆ ఒక్క రోజుతో ఆగిందా, మళ్లీ రోజూ మొదలైందా అన్నది మీరు రాయలేదు. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర రాకపోవడం సరే, కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి, ఇంకొందరికి రెండు నుంచి నాలుగు రోజుల మధ్యలో లేనివి కనిపించడం, ఎక్కడున్నారో తెలియకపోవడం, జ్వరం, గుండె దడ మొదలవుతాయి. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే మనిషే పోవచ్చు. మీటింగులు ఎంత మంచివైనా దీనికి పనికిరావు. రోజువారీ తాగుడు మళ్లీ మొదలై ఉంటే ఆపేముందు మీ డాక్టరుతో మాట్లాడండి. నేను చెప్పిన లక్షణాల్లో ఏది కనిపించినా మొహమాటం లేకుండా ఆసుపత్రికి వెళ్లండి, "రోజూ తాగేదాన్ని, ఆపేశాను" అని అక్కడ ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇక ఆ మాత్ర సంగతి. మీటింగ్‌లో ఆయన అన్న మాట విని మీరు మాత్ర ఆపేశారేమోనని నాకు భయంగా ఉంది. ఆపి ఉంటే ఈరోజే డాక్టరుకు ఫోన్ చేయండి. నాల్‌ట్రెక్సోన్ మత్తు మాత్ర కాదు, అలవాటయ్యేదీ కాదు. తాగినప్పుడు మెదడుకు దొరికే హాయిని అది తగ్గిస్తుంది, దాంతో చాలామందికి తాగాలనే యావ కూడా తగ్గుతుంది. అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దీన్ని తాగుడు సమస్యకు 1994లోనే ఒప్పుకుంది. ఆయన ఏఏ పేరు మీద ఆ మాట అన్నారు గానీ, సభ్యులెవరూ డాక్టరు పని నెత్తినేసుకోకూడదని, మందుల విషయం డాక్టరు చూసుకోవాల్సిందేనని ఏఏ వాళ్లు అచ్చువేసిన పుస్తకంలోనే రాసి ఉంది. ఎన్నేళ్ల నుంచి మానేసిన మనిషి చెప్పినా సరే, ఎంత ప్రేమగా చెప్పినా సరే, మీ మందులు ఆపమనే మాట ఆ గదిలోనే వదిలేసి రండి. ఒక గదిలో ఒకరు ఇలా అంటే అది ఆ మనిషి తప్పు. గదిలో నలుగురూ అదే పాట పాడితే మాత్రం గది మార్చండి.

గది మార్చడం అంటే పూర్తిగా వేరే సంస్థకు పోవడమే కాదు. ఏఏలో ప్రతి గ్రూపూ దాని నిర్ణయాలు అదే తీసుకుంటుంది, పైనుంచి మేనేజర్ ఎవరూ ఉండరు. అందుకే తలుపు మీద పేరు ఒకటే అయినా రెండు గదులు ఒకలా ఉండవు. ఒకచోట అందరూ రిటైరైనవాళ్లు, ఇంకోచోట పాతికేళ్ల పిల్లలు, ఒకచోట ప్రార్థన ఎక్కువ, ఇంకోచోట మొదట్లో రెండు నిమిషాలు చదివి తర్వాతంతా మాటలే. మళ్లీ మీటింగుల్లోనూ రకాలుంటాయి. ఓపెన్ అంటే ఎవరైనా రావచ్చు, మీ ఆయన పక్కన కూర్చున్నా ఎవరూ ఏమనరు. క్లోజ్డ్ అంటే తాగడం మానాలనుకునే వాళ్లకు మాత్రమే. స్పీకర్ మీటింగ్‌లో ఒకరిద్దరు తమ కథ మొత్తం చెప్తారు, మిగతావాళ్లు వింటారు. డిస్కషన్ మీటింగ్‌లో ఒక విషయం తీసుకుని తలా కాసేపు మాట్లాడతారు. స్టెప్ మీటింగ్‌లో 12 మెట్లలో, అంటే తాగుడు మానే దారిలో ఒకదాని తర్వాత ఒకటి చెయ్యమని ఏఏ రాసుకున్నవాటిలో, ఒక్కోదాన్ని పట్టుకుని చదువుతారు. కొత్తవాళ్ల కోసమే పెట్టేవీ ఉంటాయి. మీరు రాసిందాన్నిబట్టి చూస్తే మీరు కూర్చున్నది స్పీకర్ మీటింగ్‌లో అయి ఉంటుంది. కొత్తగా వచ్చిన, ఇంకా సగం భయంలో ఉన్న మనిషి అక్కడి నుంచి మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పది పన్నెండు మంది ఉండే డిస్కషన్ మీటింగ్ గానీ, కొత్తవాళ్ల మీటింగ్ గానీ చూడండి. గ్రూప్ ఫోన్ నంబరు దొరికితే ముందే అడిగెయ్యండి: ఇది ఏ రకం, ఎంతమంది వస్తారు, ఆడవాళ్లు వస్తారా, కొత్తవాళ్లను మొదటిరోజే మాట్లాడమంటారా. ఇలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపిన మాట: "వీళ్లలో నేనేంటి". ఇది మీ ఒక్కరికే కాదు, మొదటిసారి వచ్చినవాళ్లలో చాలామందికి అనిపిస్తుంది. నాకూ ఈ గదుల్లోనే నయమైంది కాబట్టి చెప్తున్నాను, మొదట్లో మన చెవులు తేడాలనే వెతుకుతాయి. ఆయన జైలుకు వెళ్లాడు, నేను వెళ్లలేదు. ఆయన ఉద్యోగం పోయింది, నాది ఉంది. ఇలా లెక్కేసుకుంటూ పోతే చివరికి "అయితే నాకేం లేదు" అని తేలుతుంది, ఆ తేలడం దగ్గర్నుంచి సీసా దగ్గరికి ఎంతో దూరం ఉండదు. వచ్చేసారి వాళ్లకు ఏం జరిగిందో కాసేపు పక్కన పెట్టి, లోపల ఎలా ఉండేదో అన్న ముక్క కోసం వినండి. సాయంత్రం అవుతుంటే మొదలయ్యే ఆ తొందర, ఖాళీ సీసా ఎక్కడ పడేయాలన్న ఆలోచన, పొద్దున్నే "ఇవాళ్టి నుంచి తాగను" అని పెట్టుకునే ఒట్టు, రాత్రికల్లా దాన్ని తుంచేసే సాకు. ఇవి ఆ పెద్దాయన నోటి నుంచి వస్తే మీకు మీరే మాట్లాడినట్టు ఉంటుంది. ఇంకో సంగతి, అక్కడ బాగా మాట్లాడగలిగేది ఎక్కువగా పాతవాళ్లే, వాళ్లు చెప్పేది తమ కథలో చివరి అధ్యాయం. మీటింగ్ అయ్యాక దగ్గరికి వెళ్లి "38 ఏళ్ల వయసులో మీ తాగుడు ఎలా ఉండేదండీ" అని అడిగి చూడండి. సభ్యత్వానికి కావాల్సింది తాగడం మానాలనే కోరిక ఒక్కటే అని వాళ్ల సంప్రదాయాల్లోనే, అంటే గ్రూపులు ఎలా నడవాలో ఏఏ రాసుకున్న సూత్రాల్లోనే ఉంది. ఏదో ఒకటి పోగొట్టుకుని రావాలనే నిబంధన ఎక్కడా లేదు.

అలాగని గదిలో మీరొక్కరే ఆడవాళ్లు కావడం చిన్న విషయమని నేననను. కొన్ని మాటలు మగవాళ్ల ముందు నోటికి రావు. పిల్లల ముందు తాగి ఉన్నామన్న సిగ్గు గానీ, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటుంటే ఆ బాధ గానీ, శరీరానికి సంబంధించినవి గానీ. ఆడవాళ్లకు మాత్రమే జరిగే ఏఏ మీటింగులు చాలాచోట్ల ఉన్నాయి, మీ దగ్గర లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఏఏకు సంబంధం లేకుండా విమెన్ ఫర్ సోబ్రైటీ అని ఇంకోటి ఉంది, జీన్ కిర్క్‌పాట్రిక్ అనే ఆవిడ 1975లో మొదలుపెట్టారు. సోషియాలజీలో డాక్టరేట్ చేసిన మనిషి, తనూ తాగుడులోంచి బయటపడినావిడ. తాగే ఆడవాళ్లు అప్పటికే తప్పు చేశామనే భావంలో కూరుకుపోయి ఉంటారు, వాళ్లకు కావాల్సింది తమ మీద తమకు నమ్మకం అన్నది ఆవిడ వాదన. మీ ఉత్తరం చదివాక ఇది మీకు నప్పుతుందనిపించింది, ఒకసారి చూడండి.

మిశ్రమ గదులకు వెళ్లినప్పుడు ఒక జాగ్రత్త. పాత సభ్యుల్లో కొందరు కొత్తగా వచ్చిన ఆడవాళ్ల వెంట పడటం ఉంది, ఎంత మామూలైపోయిందంటే ఏఏ వాళ్లే దానికి 13వ మెట్టు అని పేరు పెట్టుకున్నారు. మీ నంబరు ఆడవాళ్లకే ఇవ్వండి, రాత్రిపూట దింపుతానంటే వద్దనండి, కౌగిలింత ఇష్టం లేకపోతే చెయ్యి ముందుకు చాపండి, చాలు. స్పాన్సర్, అంటే మీకు ఈ దారిలో తోడుండే పాత సభ్యురాలు, ఆడమనిషే అయి ఉండాలి. డబ్బు విషయంలోనూ కాస్త గమనించండి: చందా డబ్బా తిప్పుతారు, వెయ్యడం మీ ఇష్టం, ఫీజు ఉండదు. అప్పు అడిగేవాళ్లు, అక్కడ విన్నవి బయట చెప్పేవాళ్లు, ఇంట్లోవాళ్లతో తెంచుకోమనేవాళ్లు కనిపిస్తే ఆ గది మీకొద్దు.

దేవుడి సంగతి. 12 మెట్లలో దాదాపు సగం చోట్ల దేవుడో, మనకంటే పెద్దదైన శక్తో వస్తుంది, అది దాచాల్సిన పనిలేదు. "మనకు అర్థమైన రీతిలో" అని వాళ్లే పక్కన రాసుకున్నారు కాబట్టి, నమ్మకం లేనివాళ్లు ఆ శక్తి అంటే ఈ గుంపే అనుకుని ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటున్నారు. ప్రార్థన లేని సెక్యులర్ ఏఏ మీటింగులు కూడా ఉన్నాయి. అదీ పడదనుకుంటే స్మార్ట్ రికవరీ చూడండి, 1994 నుంచి ఆ పేరుతో నడుస్తోంది. అందులో మెట్లు లేవు, దేవుడు లేడు, స్పాన్సర్ లేరు. శిక్షణ తీసుకున్న ఒకరు నడిపిస్తారు. తాగాలనిపించినప్పుడు ఆ అల ఎలా దాటాలి, తాగితే ఏమొస్తుంది, తాగకపోతే ఏమొస్తుంది అని కాగితం మీద ఎలా రాసుకోవాలి, మనసు చెప్పే అబద్ధాన్ని ఎలా పట్టుకోవాలి, ఇలాంటి పని ఉంటుంది. ఏఏలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు సాధారణంగా జవాబు చెప్పరు. ఇక్కడ మాటకు మాట ఉంటుంది, కొందరికి అదే హాయి. లైఫ్‌రింగ్ కూడా దేవుడి ప్రస్తావన లేనిదే, ఈ వారం ఎలా గడిచింది అన్న కబుర్లలా సాగుతుంది. ధ్యానం ఇష్టమైతే రికవరీ ధర్మ ఉంది. నా మాట అడిగితే, దేవుడు అన్న ఒక్క పదం కోసం మంచి మనుషులున్న గదిని వదులుకోకండి, అలాగే ఆ పదం వినగానే ఒళ్లు బిగుసుకుపోయే చోట బలవంతంగా కూర్చోకండి.

మనుషులు అన్న మాట ఊరికే అనలేదు. 2020లో వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ సంస్థ ఏఏ మీద ఒక పెద్ద సమీక్ష వేసింది, 27 అధ్యయనాలు, పదివేలకు పైగా మనుషులు. పూర్తిగా మానేసి ఉండటం అన్న విషయంలో, ఏఏకు పద్ధతిగా జతచేసే చికిత్సలు మిగతా పేరున్న చికిత్సలకంటే మెరుగ్గా నిలిచాయి. ఎందుకు పనిచేస్తుందని పరిశోధకులు వెతికితే ఎక్కువగా కనిపించింది చుట్టూ ఉండే మనుషులు మారడం, తాగకుండా ఉండగలనన్న నమ్మకం పెరగడం. ఏఏ మొదలైందీ అలాగే. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊరికి పని మీద వచ్చిన బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్, మానేసి కొన్ని నెలలే అయిన మనిషి, మళ్లీ తాగేస్తానేమోనని భయమేసి, మాట్లాడటానికి ఇంకో తాగుబోతు కావాలని ఫోన్లు చేస్తే, డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. బిల్ వెళ్లింది ముందుగా తను తాగకుండా ఉండటానికి. తర్వాత వచ్చిన మెట్లు, పుస్తకాలు, చదువులు అన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

అందుకే సరిపోయే మీటింగ్ ఏదో తేల్చడానికి నేను చూడమనేది ముఖ్యంగా మూడే. తిరిగి ఇంటికొస్తున్నప్పుడు తాగాలనే కోరిక వెళ్లేటప్పటికంటే తగ్గిందా. అక్కడ ఒక్కరితోనైనా ఒక్క నిజం చెప్పగలిగానా, "నేను కొత్త, శనివారం తాగాను" అన్నా చాలు. రాత్రి పదకొండింటికి మనసు లాగితే ఫోన్ చెయ్యగల మనిషి అక్కడ ఒక్కరైనా ఉన్నారా. కుర్చీలు, వయసులు, యాసలు, చదివే పుస్తకం, ఇవన్నీ ఆ తర్వాతే. ఈ మూడింటికీ జవాబు మొదటి రోజే దొరకదు, కాబట్టి ఒక ఆరు మీటింగులు పెట్టుకోండి, అందులో కనీసం మూడు వేర్వేరు రకాలవి ఉండాలి, కొంచెం బాగుందనిపించిన దానికి రెండోసారి వెళ్లండి. పది నిమిషాలు ముందు వెళ్లండి, అయిపోయాక ఇంకో పది నిమిషాలు ఆగండి. అసలు పరిచయాలు అయ్యేది ఆ పది నిమిషాల్లోనే, మీరేమో ఆరోజు ఏడుపు ఆపుకుంటూ గబగబా వచ్చేసి ఉంటారు. మాట్లాడాలని లేకపోతే "ఇవాళ వింటాను" అనండి, ఎవరూ బలవంతపెట్టరు. తాగుడు కథలు విని నోరూరితే అక్కడే పక్కనున్న ఆవిడతో చెప్పెయ్యండి, చెప్తే సగం దిగిపోతుంది. ప్రతిసారీ అదే గదిలో అలాగే అవుతుంటే అది మీకు పడని గది.

టైమ్ మీరు తాగే టైమే పెట్టుకోండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. పొద్దున్న పది గంటలకు మీటింగ్ ఎంత అద్భుతంగా జరిగినా, మీ గండం ఉన్నది పిల్లలు పడుకున్నాక. ఆ వేళకు బయటికి వెళ్లలేరు కాబట్టి అక్కడ ఆన్‌లైన్ మీకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఏఏకు, స్మార్ట్‌కు, ఆడవాళ్ల గ్రూపులకు రోజంతా ఏదో ఒక దేశంలో మీటింగ్ నడుస్తూనే ఉంటుంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోవచ్చు. కానీ మీరు అడిగినట్టు అది మాత్రమే సరిపోతుందా అంటే, కొందరికి సరిపోతుంది, మీ విషయంలో నాకు అనుమానమే. ఇన్నేళ్లూ మీ తాగుడు సాగింది ఇంట్లో, ఒంటరిగా, తలుపు వెనక. మానడం కూడా అదే తలుపు వెనక, కెమెరా ఆపేసి, పేరు మార్చుకుని అయితే, దాక్కునే అలవాటు అలాగే ఉండిపోతుంది. వారానికి రెండు మూడు రాత్రులు ఆన్‌లైన్, ఒక్కసారైనా మనుషుల మధ్య, ఇలా కలిపి చూడండి. ఆన్‌లైన్‌లో కూడా కెమెరా ఆన్‌లో పెట్టండి.

ఎవరైనా చూస్తారేమో అన్న టెన్షన్ ఉంటే మొదట్లో కాస్త దూరంగా ఉన్న క్లోజ్డ్ మీటింగ్‌కు వెళ్లండి. అక్కడ తెలిసినవాళ్లు ఎదురైనా, వాళ్లూ మీలాగే వచ్చినవాళ్లు. అయితే ఎప్పటికీ దూరమే అనుకోకండి, వానొచ్చినా ఒంట్లో బాగోలేకపోయినా వెళ్లగలిగేంత దగ్గర ఉన్న మామూలు మీటింగే చివరికి నిలుస్తుంది.

మీ ఆయన గురించి రెండు ముక్కలే రాశారు గానీ, ఇన్నేళ్లు ఈ విషయం ఒంటరిగా మోసిన రెండో మనిషి ఆయనే. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని ఉంది, బిల్ విల్సన్ భార్య లోయిస్, ఇంకొకావిడతో కలిసి 1951లో మొదలుపెట్టింది. ఆయన వెళ్తారో లేదో ఆయన ఇష్టం, ఉందని చెప్పండి.

శనివారం తాగారని మూడు వారాలూ బూడిదలో పోసిన పన్నీరు అయిపోయాయనుకోకండి. ఆ మూడు వారాల్లో ఏ టైమ్‌లో కష్టమైందో, ఏది సాయపడిందో మీకిప్పుడు తెలుసు, ఆ వివరాలు డాక్టరుకూ కావాలి, గ్రూప్‌కూ కావాలి. ఈ ఆరు మీటింగుల మధ్యలో మళ్లీ తాగినా తర్వాతి మీటింగ్ మానకండి. ఆరోజు తాగినవాళ్లను మాట్లాడొద్దంటారేమో గానీ చాలా గ్రూపుల్లో వెళ్లగొట్టరు, కూర్చుని వినమంటారు.

ఈ వారం రెండు వెతకండి, ఒకటి ఆడవాళ్లది, ఒకటి స్మార్ట్ రికవరీది. ఆరూ అయ్యాక మళ్లీ రాయండి, ఏవి నచ్చాయో ఏవి నచ్చలేదో ఉన్నదున్నట్టు చెప్పండి. స్పాన్సర్‌ను ఎలా అడగాలి అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.